గోడ మీద గిన్నె

మా మొగలిపాలెం నిరీక్షణ దేవాలయంలో దేవుడు ఒక్కడే, అయ్యగారు ఒక్కరే, గంట ఒక్కటే. మిగతావన్నీ రెండేసి. రెండు పాటల బృందాలు, రెండు స్త్రీల సమాజాలు, క్రిస్మస్‌కి రెండు నక్షత్రాలు, రెండు కేకులు. అయ్యగారు ప్రసంగం చేసేటప్పుడు ఒక వాక్యం కుడివైపు తిరిగి, ఒక వాక్యం ఎడమవైపు తిరిగి చెబుతారు. ఎటైనా ఒక వాక్యం ఎక్కువైతే ఆ వారం రెండోవైపు వాళ్లు ఆయన ఇంటికొచ్చి కాఫీ తాగి మరీ నిలదీస్తారు.

కుడివైపు కూర్చునేది కుర్చీల వర్గం. ఎడమవైపు కూర్చునేది చాపల వర్గం. ఆరేళ్ల క్రితం దాకా అందరూ చాపల మీదే కూర్చునేవాళ్లు. అప్పుడు జెఫన్యా అనే పెద్దమనిషి గుడికి నలభై ప్లాస్టిక్ కుర్చీలు కానుకగా ఇచ్చాడు. ఆయన భార్య లుదియమ్మకి మోకాళ్ల నొప్పులు. ఒక్క కుర్చీ తెస్తే బాగుండదని నలభై తెచ్చాడు, అంతకుమించి ఆయన మనసులో ఏమీ లేదు. కానీ దేవుని సన్నిధిలో కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటారా అని కొందరు, కీళ్లు మాత్రం దేవుడిచ్చినవి కావా అని కొందరు పట్టుబట్టారు. కోత పండగ నాటి ప్రేమ విందులో, వడ్డన సగంలో ఉండగా, మాటామాటా పెరిగింది. జనం విస్తళ్ల ముందు నుంచి లేచి, ఎవరి చేతిలో ఏముంటే దాంతోనే విసవిసా ఇళ్లకు పోయారు. అంతే, సంఘం రెండుగా చీలిపోయింది.

తబితమ్మది చాపల వర్గం. ఇందులో ఆవిడ నమ్మకమంటూ ఏమీ లేదు. ఆవిడ భర్త హనోకుది తుంగచాపల వ్యాపారం, గుడికి చాపలు వేసేది వాళ్లే. ఇక కుర్చీల వర్గం లుదియమ్మ ఆవిడకి సరిగ్గా పక్కింటావిడ. మధ్యలో నడుమెత్తు పిట్టగోడ ఒక్కటే. అంతకుముందు ఇద్దరూ పొద్దునలేస్తే ఆ గోడకి చెరోవైపు ఆనుకుని లోకంలో ఉన్న సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్లు. చీలిక వచ్చాక ఆ ఇంటితో మాట్లాడకూడదని హనోకు గట్టిగా చెప్పాడు. తబితమ్మ సరేనంది. మాట్లాడకూడదన్నాడు గానీ ఇంకేమీ అనలేదు కదా.

గొడవ జరిగిన సాయంత్రమే ఆ గోడ మీద ఒక స్టీలు గిన్నె కనిపించింది. అడుగంతా మసి, లోపల నాలుగు ముక్కల కోడికూర. ఇంత రభస జరిగినా వదిన నన్ను మర్చిపోలేదని తబితమ్మ కళ్లు తుడుచుకుంది. మర్నాడు గిన్నె కడిగి ఇచ్చేద్దామనుకుంది. అయితే ఖాళీ గిన్నె తిరిగివ్వడం మొగలిపాలెంలో మొహం మీద తలుపేయడం కింద లెక్క. అందుకని ఇంత గోంగూర పచ్చడి పెట్టి గోడ మీద ఉంచింది. ఆ మర్నాడు అదే గిన్నె దోసకాయ పప్పుతో మళ్లీ గోడ మీదికొచ్చింది. తన గిన్నె తను ఉంచేసుకోకుండా మళ్లీ పంపుతుందేమిటి ఈవిడ అనుకుంది తబితమ్మ. అనుకుని, వంకాయ కూరతో పంపింది. అలా ఆరేళ్లు గడిచాయి. ఒక్క మాట లేదు, గిన్నె మాత్రం ఆగలేదు.

మధ్యలో జెఫన్యా పోయాడు. లుదియమ్మ ఒంటరిదైంది. ఒక్క ప్రాణానికి పొయ్యెందుకు వెలిగించాలని టీలో బన్ను ముంచుకుని సరిపెట్టుకునే రకం ఆవిడ. ఒకరు పెడితే తినే రకం అసలే కాదు, అభిమానం మనిషి. కానీ గిన్నె తన దగ్గరున్న రోజు దాన్ని నింపడానికి వండక తప్పదు, వండాక తినక తప్పదు. గిన్నె నిండుగా వచ్చిన రోజు, వచ్చింది పారేయలేక తినాలి. రోజూ సాయంత్రం తబితమ్మ చెవి పక్కింటి కుక్కర్ కూత మీదే ఉండేది. కూత వినబడితే ఆవిడకి ఆ పూట అన్నం సహించేది.

ఇలా ఉండగా మా చుట్టుపక్కల గుళ్లన్నిటి మీదా అజమాయిషీ చేసే మండల కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. అందులో ఇలా ఉంది: "విభజితమైన సంఘములలో ప్రేమ క్షీణించుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. కావున ప్రస్తుత సంవత్సరమును ఆతిథ్య సంవత్సరముగా ప్రకటించడమైనది. ప్రతి కుటుంబమును నెలకొక్కసారి తక్కువ కాకుండా ఎదుటి వర్గపు కుటుంబమునకు భోజనము పెట్టి, ఫారములు పూర్తి చేసి పంపవలెను. అత్యధిక మార్కులు పొందిన సంఘమునకు ప్రేమ షీల్డు బహూకరింపబడును."

షీల్డు అనే మాట వినగానే రెండు వర్గాలూ ఒక్కటయ్యాయి, కమిటీ వేయడానికి. సంయుక్త ఆతిథ్య అమలు కమిటీకి కుర్చీల తరఫున గమలీయేలు గారు కన్వీనర్. ఆయన రిటైరైన డిప్యూటీ తహసీల్దారు. చాపల తరఫున అకుల మాస్టారు సహకన్వీనర్, రిటైరైన హెడ్మాస్టరు. మీటింగులో అయిదుగురు కుర్చీల్లో, అయిదుగురు చాప మీద కూర్చునేవారు. మినిట్స్ పుస్తకం ఎవరికీ ఎక్కువ తక్కువ కాకుండా మధ్యస్థమైన ఎత్తులో ఒక ముక్కాలిపీట మీద ఉండేది. రాసేటప్పుడు వీళ్లు వంగాలి, వాళ్లు లేవాలి. దీన్ని పరస్పర తగ్గింపు అని మినిట్స్‌లో రాసుకున్నారు.

ఫారాలు మూడు. ఒకటోది ఆతిథ్యం ఇచ్చేవారిది, రెండోది పుచ్చుకునేవారిది. మూడోది సంతృప్తి ధ్రువీకరణ. అందులో "భోజనానంతరము త్రేన్పు వచ్చినదా? వచ్చినచో ఎన్ని?" అనే ప్రశ్న కూడా ఉంది. ఆసనాల విషయంలోనే పెద్ద చిక్కొచ్చింది. చాపలవాళ్లింటికి వెళ్లిన కుర్చీలవాళ్లు కింద కూర్చుంటే ఓడిపోయినట్టు, పైన కూర్చుంటే అవమానించినట్టు. మూడు మీటింగులు కూర్చుని, "అతిథి తన ఆసనమును తానే స్వయముగా మోసుకొని రావలెను" అని తీర్మానించారు.

మొదటి ఆదివారం తబితమ్మ పొద్దున్నే లేచి పులిహోర, కోడికూర చేసి, హనోకుతో సహా గుమ్మంలో నిలబడింది. ఎవరూ రాలేదు. ఎదురింటివాళ్లు కూడా గుమ్మంలో నిలబడి ఉన్నారు. వీధి చివరిదాకా చూస్తే అందరూ నిలబడే ఉన్నారు. సంగతేమిటంటే, మార్కులు అన్నం పెట్టేవాళ్లకే గాని తినేవాళ్లకి లేవు. అందుకని నలభై ఎనిమిది ఇళ్లలో నలభై ఎనిమిదీ వండాయి, తినడానికి ఒక్కరూ బయల్దేరలేదు. దారిన పోయే ఐస్‌ఫ్రూట్ బండివాణ్ని అయిదిళ్లవాళ్లు అయిదువైపులా లాగి మరీ పెట్టారు. అతను ఏ వర్గానికీ చెందడు కాబట్టి లెక్కలోకి రాడని కమిటీ ఆ సాయంత్రమే తేల్చేసింది. అతను తిన్నది ఏ పద్దు కింద చూపాలన్న సంగతి వచ్చే మీటింగుకి వాయిదా పడింది.

మరుసటి ఆదివారం నుంచి అతిథి డ్యూటీలు వేశారు. ఆదివారాలు మొగలిపాలెం వీధులు చూడ్డానికి రెండు కళ్లు చాలేవి కావు. నెత్తి మీద కుర్చీ పెట్టుకుని కొందరు పడమటికి, చంకలో చాప పెట్టుకుని కొందరు తూర్పుకి. ఎండకి చెమటతో తడిసిపోతూ, ఎదురైతే మొహాలు తిప్పుకుంటూ ఒకరింటికొకరు భోజనాలకి వెళ్లేవారు. మాట్లాడుకోవాలని రూల్లో లేదు గనక వెళ్లి, తిని, త్రేన్పులు రాసి, వచ్చేసేవారు. కన్వీనర్లు ఆదర్శంగా ఉండాలని గమలీయేలు గారు ఒకే మధ్యాహ్నం ఏడిళ్లలో తిన్నారు. ఏడో ఇంట్లో త్రేన్పు రాక, రాని త్రేన్పు రాస్తే అబద్ధమవుతుందని, గంటన్నర వీధిలో అటూ ఇటూ నడిచారు.

అంత కష్టపడినా మార్కులు పెరగలేదు. దానికి కారణం కమిటీయే కనిపెట్టింది. "ఫారము లేని రహస్య ఆతిథ్యము కొన్ని గృహముల మధ్య జరుగుచున్నట్లు అనుమానము కలదు. ఇట్టి ఆతిథ్యము అధికారిక ఆతిథ్యమును నీరుగార్చును. కావున నిషేధించడమైనది." వర్గానికొకరు చొప్పున ఇద్దరితో తనిఖీ జంట ఏర్పడింది. మంగళవారం సాయంత్రం అయిదింటికి, తబితమ్మ ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర గోడ మీద పెట్టి చెయ్యి తీసీతీయకముందే ఆ జంట వచ్చి గిన్నె పట్టుకుంది.

పంచనామాలో ఇలా రాశారు: "ఉక్కు పాత్ర ఒకటి. అందు గోధుమ వర్ణపు పదార్థము, వెచ్చగా. పాత్ర యొక్క సగభాగము చాపల వర్గపు హద్దులోను, సగభాగము కుర్చీల వర్గపు హద్దులోను ఉన్నది." పదార్థాన్ని సాక్ష్యంగా భద్రపరచాలన్నారు. అది మర్నాటికి పాడైపోతుందని తెలిసి, ఆ రాత్రే ఇద్దరు కన్వీనర్లూ సమాన భాగాలుగా పరిశీలించి ముగించారు.

ఆ సాయంత్రం పక్కింట్లో కుక్కర్ కూయలేదు. మర్నాడూ కూయలేదు. మూడోరోజు లుదియమ్మ కొట్టు నుంచి బన్ను పాకెట్ పట్టుకుని కాళ్లీడ్చుకుంటూ రావడం తబితమ్మ కిటికీలోంచి చూసింది. ఆ పూట అన్నం కలిపింది గానీ ముద్ద నోటిదాకా రాలేదు. ఊరికే కూర పంపితే ఆవిడ పుచ్చుకోదు. గిన్నె ఉంటేనే పుచ్చుకుంటుంది, గిన్నె ఏమో కమిటీ బీరువాలో ఉంది.

సరే, రూలు ప్రకారమే పిలుద్దామని తబితమ్మ ఒకటో ఫారం నింపి గమలీయేలు గారింటికి వెళ్లింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివారు.

"అతిథి లుదియమ్మ. కుర్చీల వర్గం. ఆవిడ కుర్చీ ఎవరు మోస్తారు?"

"నేను మోసుకొస్తానండి. గోడకి ఇవతలికే కదా."

"అతిథి ఆసనాన్ని అతిథే మోయాలమ్మా. స్వయముగా అని వేశాం."

"ఆవిడకి మోకాళ్లు నొప్పులండి. ఉత్త చేతులతో నడవడమే కష్టం. అందుకేగా అసలు కుర్చీలొచ్చింది."

ఆయన ఫారం మీద ఎర్రసిరాతో రాశారు. "ఆసనము మోయు సామర్థ్యము లేని వ్యక్తి ఆతిథ్యము పొందుటకు అనర్హురాలు." రాసి, "నాకు మాత్రం బాధ లేదనుకున్నావా," అన్నారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. అదే తబితమ్మకి ఒళ్లు మండించింది.

శుక్రవారం గుడి వెనక గదిలో విచారణ పెట్టారు. అయిదుగురు పైన, అయిదుగురు కింద. ముక్కాలిపీట మీద ఖాళీ గిన్నె. తబితమ్మ ఒక మూల నిలబడింది. రెండో మూల లుదియమ్మకి కుర్చీ వేశారు, ఆవిడ మనిషి సగమైంది.

"ఈ పాత్ర ఎవరిది?" అన్నారు గమలీయేలు గారు.

"లుదియమ్మ వదినదండి," అంది తబితమ్మ.

"నాది కాదండి. తబితది," అంది లుదియమ్మ.

ఆస్తి నాదంటే నాదని ఇద్దరు కొట్టుకోవడం గమలీయేలు గారు తన సర్వీసంతా చూశారు గాని, నాది కాదంటే నాది కాదనడం ఇదే మొదటిసారి.

"నీది కాకపోతే ఆ రోజు గోడ మీద ఎందుకు పెట్టావమ్మా?" అన్నారు అకుల మాస్టారు.

"విందులో చేతిలో ఉన్నదాంతోనే వచ్చేశానండి. గేటు గడియ తీయడానికి చెయ్యి ఖాళీ లేక గోడ మీద పెట్టి, మర్చేపోయా. మర్నాడు గోంగూరతో వస్తే, తబిత గిన్నె కాబోలు, ఇచ్చేయాలి కదా అనుకున్నా. ఉత్తది ఎట్టా ఇస్తామండి."

తబితమ్మ ఆవిడ వంక చూసింది. ఆరేళ్లూ ఇద్దరూ ఎదుటివాళ్ల గిన్నె ఎదుటివాళ్లకి ఇచ్చేస్తూనే ఉన్నారన్నమాట. నవ్వొచ్చింది, వెంటనే భయం వేసింది. గిన్నె ఎవరిదో తేలిపోతే అది వాళ్లింటికి పోయి అటకెక్కుతుంది. ఇక రావాల్సిన పనీ ఉండదు, పోవాల్సిన పనీ ఉండదు.

"అడుగున పేరు కొట్టించి ఉండవచ్చు," అన్నారు అకుల మాస్టారు. అడుగంతా మసి పట్టి ఉంది. చింతపండుతో తోమించాలని పదిమందీ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఎవరు తోమాలన్న దగ్గర మళ్లీ రెండు వర్గాలయ్యారు. చివరికి తబితమ్మే గిన్నె లాక్కుని కుళాయి దగ్గర తోమి తెచ్చింది. చేతులు తోముతున్నాయి గాని, మనసులో మాత్రం పేరు కనబడకుండా ఉంటే బాగుండునని ప్రార్థన చేస్తూనే ఉంది.

పేరు కనబడింది. చుక్కలు చుక్కలుగా: నిరీక్షణ దేవాలయం, ప్రేమ విందు, నలభై ఆరు.

"దేవాలయ ఆస్తి," అన్నారు గమలీయేలు గారు లేచి నిలబడి. రికార్డు తీయించారు. వంద గిన్నెలు ఉండాలి. సామాను గది తాళం తీస్తే ఒక బల్లి, రెండు గరిటెలు కనిపించాయి. ఆయనకి సర్వీసు రోజులు గుర్తొచ్చి ఛాతీ ఉబ్బింది. తక్షణం ఇంటింటి తనిఖీ అన్నారు. ఎవరూ వేలెత్తి చూపకుండా మొదట తన ఇంటి నుంచే మొదలుపెడదామన్నారు. అకుల మాస్టారితో పాటు, గిన్నెల పోలిక తెలిసిన మనిషిగా తబితమ్మని కూడా వెంట తీసుకెళ్లారు.

ఆయన వంటింట్లో, పొయ్యి పక్కన, పన్నెండో నంబరు గిన్నె ఉంది. నిండా సొరకాయ పెరుగుపచ్చడి.

"ఎస్తేరూ, ఇదెక్కడిది?" అన్నారాయన భార్యతో.

ఎస్తేరమ్మ గారు పమిటతో చేతులు తుడుచుకున్నారు. "ప్రిస్కిల్లమ్మ పంపిందండి."

ప్రిస్కిల్లమ్మ అంటే అకుల మాస్టారి భార్య. మాస్టారు గుమ్మం దగ్గరే నిలబడి పైకప్పు వంక చూస్తున్నారు.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఆరేళ్ల నుంచి. సొరకాయ నీలాగా ఎవరూ చెయ్యలేరని మీరు అంటుంటారే, అది ఆవిడ చేసిందే. నాకు సొరకాయ వండటం రాదు." ఆవిడ మాస్టారి వైపు తిరిగారు. "మీరు లొట్టలేసుకుని తినే చేపల పులుసు మాత్రం నాదేనండి, అన్నయ్య గారూ."

తనిఖీ అక్కడితో ఆగింది. తక్కిన ఇళ్లకి వెళ్లడం మంచిది కాదని కన్వీనర్లిద్దరికీ ఒకేసారి తోచింది. బదులుగా నోటీసు వేశారు. "దేవాలయపు పాత్రలు ఎవరి వద్ద ఉన్నను వచ్చే ఆదివారము ఆరాధన అనంతరము అప్పగించవలెను. ఎటువంటి ప్రశ్నలు అడుగబడవు."

ఆదివారం ఆరాధన అయ్యాక గమలీయేలు గారు వరండాలో బల్ల వేసుకుని రిజిస్టరు తెరిచారు. ఒకరొకరే గిన్నెలు తెచ్చి పెట్టారు. ఒకటి, రెండు, ఇరవై, డెబ్బై. బీరువా లోంచి ఇప్పించుకున్న నలభై ఆరో నంబరు తబితమ్మ అందరికన్నా చివర పెట్టింది. ఆయన మొదటి గిన్నె మూత తీశారు. బెండకాయ వేపుడు. రెండోది తీశారు. కోడిగుడ్ల పులుసు. మూడోది తీయబోతూ తలెత్తారు.

"ఖాళీగా తేవాలని తెలియదా మీకు?"

"దేవుడి గిన్నె దేవుడికి ఖాళీగా ఎట్టా ఇస్తామండి?" అంది తబితమ్మ. ఆడవాళ్లందరూ వెర్రివాణ్ని చూసినట్టు ఆయన వంక చూశారు.

వంద గిన్నెల కూరలు. పన్నెండున్నర అయింది. అందరి కడుపుల్లోనూ ఆకలి. అయ్యగారు ఆరేళ్లలో మొదటిసారి ఎటూ తిరక్కుండా నేరుగా చూస్తూ, అన్నం ఎసట్లో పడిందా అని అడిగారు. ఫారాలు ఏవని ఒకాయన అన్నాడు గాని, అప్పటికే ఆయన విస్తట్లో పప్పు పడింది. కుర్చీలు ఎక్కడున్నాయో, చాపలు ఎక్కడున్నాయో ఎవరూ చూసుకోలేదు. లుదియమ్మ కుర్చీలో కూర్చుంది. ఆవిడ మోకాళ్ల దగ్గర చాప చివర తబితమ్మ కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. లుదియమ్మ మాత్రం రెండుసార్లు అన్నం వేయించుకుంది. తబితమ్మ రెండుసార్లూ చూసింది.

ప్రేమ షీల్డు మాకు రాలేదు లెండి. ఆ నెల ఫారాలు సున్నా గనక మొగలిపాలెంలో ఆతిథ్యం బొత్తిగా లేదని మండల కార్యాలయం విచారం తెలిపింది. పక్క ఊళ్లో ఒక సంఘానికి వచ్చింది. అక్కడ రెండు కుటుంబాలు ఒకరినొకరు కాగితం మీద నూట తొంభై సార్లు పిలుచుకున్నాయి. పొయ్యి ఒక్కసారి కూడా వెలగలేదు, త్రేన్పులు మాత్రం నాలుగువందలు దాటాయి.

విందు అయ్యాక కమిటీ ఊరుకోలేదు. వంద గిన్నెలూ తోమించి, లెక్కపెట్టించి, సామాను గదిలో పెట్టి, తాళం వేసి, తాళం మీద సీలు వేసింది. ఇకపై అనధికార ఆతిథ్యానికి అవకాశమే లేదని మినిట్స్‌లో రాసుకుంది.

సోమవారం సాయంత్రం తబితమ్మ తన సొంత గిన్నె ఒకటి దించింది. పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చింది. మసి లేదు, మరక లేదు. దాని పొట్ట మీద చిన్నపిల్లలు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో భర్త పేరు కొట్టించి ఉంది. అందులో ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర పెట్టి గోడ మీద ఉంచింది. ఈసారి లోపలికి పోలేదు. అక్కడే నిలబడింది.

లుదియమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. గిన్నె చూసింది, తబితమ్మని చూసింది. ఆరేళ్ల తర్వాత మొదటి మాట మాట్లాడింది.

"ఇదెవరి గిన్నె, తబితా?"

"మీదే వదినా. మా ఇంట్లో ఉండిపోయింది."

లుదియమ్మ కొంగుకి కట్టుకున్న కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. గిన్నెని వెలుతురు వైపు తిప్పింది. హనోకు అన్న పేరుని ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి, నిదానంగా, చివరిదాకా చదివింది.

"అవునే, మాదే," అంది. "ఎప్పట్నుంచో వెతుక్కుంటున్నా."

గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది. మర్నాడు సాయంత్రం ఆవిడ ఇంట్లో కుక్కర్ మూడుసార్లు కూసింది. కాసేపటికి గోడ మీద దోసకాయ పప్పుతో ఒక గిన్నె ప్రత్యక్షమైంది. దాని పొట్ట మీద జెఫన్యా అని ఇంకా పెద్ద అక్షరాలతో ఉంది.

"మీ గిన్నె ఇదుగో, తబితా," అంది గోడ అవతలి నుంచి గొంతు.